మూత పెట్టిన బ్యాటరీలు

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ గురువారం నుంచి నేను బ్యాటరీలకు కాపలా.

ముప్ఫై ఏళ్ళు అమీర్‌పేటలో కుసుమ స్టూడియో నడిపిన వీరవెంకటసత్యనారాయణ ఇకమీదట కూతురి వెనక సంచీ తగిలించుకుని ఊరూరా తిరుగుతాడు. ఎక్కడ ప్లగ్గు కనిపిస్తే అక్కడ ఛార్జరు గుచ్చి, దాని పక్కనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంటాడు. ఇదీ ఉద్యోగం.

సంహిత పొద్దున పంజాగుట్ట నుంచి వచ్చి చాలా ముద్దుగా చెప్పింది. "నాన్నా, పెళ్ళి ఫొటోలకు ఊళ్ళు తిరిగేటప్పుడు కెమెరాల ఛార్జింగే మాకు పెద్ద తలనొప్పి. నమ్మకంగా చూసుకునే మనిషి కావాలి. నువ్వుంటే నాకు ధైర్యం."

ధైర్యమట. ఇంట్లో ఊరికే కూర్చుని గొణుగుతున్నాడు, ఏదో ఒకటి అప్పజెప్పి బయటికి తోలేద్దామని తల్లీకూతుళ్ళు కూడబలుక్కున్న సంగతి నాకు తెలీదనుకుంటున్నారు. నాకన్నీ తెలుసు. కింద స్టూడియో ఉన్న గదిలో ఇప్పుడు ఏదో కంప్యూటర్ కోర్సు చెబుతున్నారు. నేను పెళ్ళికూతుళ్ళను కూర్చోబెట్టి గడ్డం పట్టుకు ఎత్తిన చోట మైకు పెట్టుకుని అరుస్తాడొకడు. మేడమీదికి మొత్తం వినిపిస్తుంది. నాకేం అర్థం కాదు. ఫీజు కట్టినవాళ్ళకైనా అర్థమవుతున్నట్టు లేదు.

"వెళ్ళండి, కాస్త గాలి మారుతుంది," అంది మా ఆవిడ కుసుమ.

గాలి మారడానికి నాకేమైనా క్షయా.

ఫిబ్రవరి 7, శుక్రవారం. ఖమ్మం

ఈ లాడ్జీలో గదికి కరెంటు రావాలంటే తలుపు పక్కన ఒక గాడిలో తాళం కార్డు పెట్టాలి. కార్డు తీసి బయటికెళ్తే కరెంటు పోతుంది. అంటే మనిషి గదిలో లేకపోతే బ్యాటరీ నిండకూడదు. ఇంత తెలివి ఎవడిదో గానీ వాడికో దండం. మధ్యాహ్నం యశస్విని ఆ కార్డు జేబులో వేసుకుని భోజనానికి దిగింది. తిరిగొచ్చేసరికి ఛార్జర్లు ఒక్కటీ వెలగడం లేదు.

యశస్విని సంహిత దగ్గర రెండో కెమెరా పడుతుంది. ఎర్రగడ్డ మనిషి, ఓ కొడుకు కూడా ఉన్నాడు. అయినా ఒక వస్తువు తీసిన చోట పెట్టడం తెలీదు. పైగా నాకే చెప్తుంది. "ఫికర్ చేయకుర్రి సార్, బండ్ల పోయేటప్పుడు పెట్టుకోవచ్చు."

పర్సులో నా పాత విజిటింగ్ కార్డు ఉంది. కుసుమ స్టూడియో, పెళ్ళిళ్ళకు, పేరంటాలకు సంప్రదించండి. అది ఆ గాడిలో దూర్చాను. లైట్లు టక్కున వెలిగాయి. ఛార్జర్లు ఎర్రగా కళ్ళు తెరిచాయి. స్టూడియో మూసేశాక ఆ కార్డుకు దొరికిన మొదటి పని ఇదే.

సంహిత చూసి నవ్వింది. మెచ్చుకుంటోందో, జాలిపడుతోందో తెలియలేదు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 8, శనివారం. ఖమ్మం

పెళ్ళి అయింది. దాన్ని పెళ్ళి అనాలంటే.

పెళ్ళికూతురు డాన్సు చేసుకుంటూ మండపంలోకి వచ్చింది. అడుగు తప్పిందని వెనక్కెళ్ళి మళ్ళీ వచ్చింది. దీన్ని క్యాండిడ్ అంటారట, అంటే ఎవరూ చూడనట్టు సహజంగా తీసిన ఫొటో. నా రోజుల్లో తల వంచుకోమ్మా అంటే వంచుకునేవాళ్ళు. ఫొటో ఇంట్లో గోడ మీద ఉండేది. ఇప్పుడు నెలాఖరుకల్లా ఎవరి ఫోన్లో ఎక్కడుందో ఎవరికీ తెలీదు.

ఇక ప్లగ్గులు. హాలంతా పూలు కట్టారు, ఒక్క ప్లగ్గు కనిపిస్తే ఒట్టు. అన్నీ పూల వెనకే. పూలవాడు జరపనివ్వడు. పాటలవాడు ఉన్న ఒక్క బోర్డు మీద నిధి కాసే పాములా కూర్చున్నాడు. వాడి పెట్టెలకు కరెంటు కావాలట, పెళ్ళి ఫొటోకు అక్కర్లేదట. చివరికి వంటవాళ్ళ గ్రైండరు పక్కన చోటు దొరికింది. పిండి ఎగిరిపడుతుంటే కండువా కప్పి కూర్చున్నాను. ఇది మా టెక్నికల్ డిపార్ట్‌మెంట్.

ఒకటి గమనించాను. మండపం పక్కన యశస్విని కెమెరాలోంచి బ్యాటరీ తీసి, దానికి మూత పెట్టి సంచీలో వేసింది. అంటే వీళ్ళ లెక్కలో మూత పెట్టింది అయిపోయినదన్నమాట.

నా షాపులో ఒకటే మాట ఉండేది. మూత పెట్టిన గిన్నెలో కూర ఉంటుంది, కడిగిన గిన్నెకు మూత ఉండదు. బ్యాటరీ అయినా అంతే. నిండినదానికి మూత, అయిపోయినది బోడిగా. ఇంతకంటే తేలిక లెక్క ప్రపంచంలో లేదు. సంహిత చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి, కౌంటరు వెనక స్టూలెక్కి, ఒక్కొక్కదానికీ మూత పెడుతూ కూర్చునేది. కాలేజీ, బొంబాయిలో కోర్సు, పెళ్ళి, పంజాగుట్టలో ఆఫీసు. అది ఎప్పుడో మర్చిపోయి ఉంటుంది. తండ్రి పద్ధతి పాతది కదా.

సరే. మీ బండి, మీ పద్ధతి. మూత పెట్టింది అయిపోయినది అంటే అయిపోయినదే. నాకెందుకు. అలాగే పెట్టడం మొదలుపెట్టాను. సంచీ ఎలాగూ నా భుజం దిగదు. ఎవరికి కావాలన్నా వెనక్కి చెయ్యి చాపుతారు, నేను పెడతాను. థాంక్స్ కూడా ఉండదు.

ఫిబ్రవరి 10, సోమవారం

మిక్సీ ఆగిపోయింది. ఛార్జింగ్ పెట్టి చూడరాదూ అంది కుసుమ. ఇంట్లో హాస్యం ఎక్కువైంది.

ఫిబ్రవరి 12, బుధవారం

పంజాగుట్టలో సంహిత ఆఫీసుకెళ్ళాను. ఆఫీసంటే ఓ ఫ్లాటు. హాల్లో అల్లుడు వంశీధర్ రెండు తెరల ముందు కూర్చుని, ఎవరో పెళ్ళికొడుకు మొహం మీద మొటిమలు ఒక్కొక్కటే చెరుపుతున్నాడు. "రండి మామయ్యగారూ," అన్నాడు, తల తిప్పకుండా. ఇతనికి నేను బండెక్కడం ఇష్టం లేదు. ఎండలూ, తిరుగుళ్ళూ, ఈ వయసులో ఎందుకని సంహితతో అన్నాడట. ఎంత ప్రేమో.

అప్పుడే హనుమత్ప్రసాద్ గారని ఒకాయన వచ్చారు. ఎర్రమంజిల్‌లో ఉంటారు. పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైనాయన. ఈ ఆదివారం పంజాగుట్టలోని హాల్లో చిన్నమ్మాయి పెళ్ళి. చేతిలో పెద్దమ్మాయి పెళ్ళి ఫొటో పట్టుకొచ్చారు. తాళి కట్టేటప్పుడు తీసింది. అందులో పెళ్ళికొడుకు చెయ్యి లేదు, తాళి లేదు, పెళ్ళికూతురు మొహం సగమే ఉంది. మిగతాదంతా ఎవరిదో మోచెయ్యి.

"అమ్మా, నాకు డ్రోన్లు వద్దు, డాన్సులు వద్దు. మా పెద్దదాని పెళ్ళి అన్నప్పుడల్లా ఈ మోచెయ్యే గుర్తొస్తుంది. ఎవరిదో కూడా తెలీదు," అన్నారు. "చిన్నదానికి ఆ తాళి ఒక్కటి సరిగ్గా పడితే చాలు. ఇంకేం అడగను."

"ఆ ఒక్కటీ నేను పూచీ అండీ," అంది సంహిత.

ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది. "నాన్నా, ఈ ఒక్కటీ మనం చేజార్చుకోకూడదు. వాళ్ళబ్బాయి పెళ్ళి కూడా మాకే ఇస్తామన్నారు. అదొకటే కాదు. ఆయన మొహం చూశావా."

చూశాను. ఆఫీసరు కూడా చివరికి మోచేతికి దొరికిపోయాడు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మా వైపు నుంచి బ్యాటరీ అయిపోయిందనే మాటే రాదని చెప్పాను. ఆ మాట గట్టిగానే చెప్పాను, వంశీధర్‌కు వినబడేలా.

ఫిబ్రవరి 15, శనివారం. సూర్యాపేట నుంచి వస్తూ, బండిలో

రెండు రోజుల్లో రెండు ఊళ్ళు. ఇంటికి పోయే వీల్లేదు. రేపు పొద్దున్నే నేరుగా పంజాగుట్ట హాలుకు. ఛార్జింగంతా బండిలోనే. డ్రైవరు రాజనర్సయ్య సీటు వెనక ఓ ఇన్వర్టరు పెట్టించారు. బండి ఇంజను నడుస్తుంటేనే కరెంటు. బండి ఆగితే ఛార్జింగ్ ఆగుతుంది. రాజనర్సయ్య టీ కొట్టు కనిపించిన చోటల్లా ఆపుతాడు.

"ఇంజను బంద్ చేయకయ్యా," అన్నాను.

"డీజిల్ మీరు పోస్తరా సార్," అన్నాడు. మళ్ళీ తనే, "జర నా ఫోన్ సుత పెట్టుర్రి, చచ్చిపోతుంది," అని ఫోను నా ఒళ్ళో పడేశాడు.

వాడి ఫోనుకు కూడా నేనే కాపలా కాశాను. నా స్థాయి పెరుగుతోంది.

అయినా చెప్పుకోవాలి. ఒక్క బ్యాటరీ కూడా సగంలో లేదు. ఎర్ర లైట్లన్నీ పచ్చబడే దాకా కళ్ళార్పకుండా కూర్చున్నాను. నిండినవన్నీ మూతలు తీసి వరసగా పేర్చాను, వీళ్ళ పద్ధతిలోనే. సంహిత ముందు సీట్లోంచి వెనక్కి చూసి, "నాన్నా, పడుకోవచ్చుగా," అంది. వీళ్ళకు పని చేసేవాడు కనబడితే పడుకోమంటారు. పడుకుంటే ముసలాడు నిద్రపోయాడంటారు.

రేపు ఆ తాళి పడుతుంది. పడకేం.

ఫిబ్రవరి 16, ఆదివారం

రాయడానికేమీ లేదు. మోకాలు నొప్పి.

ఫిబ్రవరి 17, సోమవారం

ఎవరి తప్పు అన్నది వాళ్ళే తేల్చుకోవాలి. నేను చేయాల్సింది చేశాను. బ్యాటరీలన్నీ నింపి తెచ్చాను. ఎక్కడివక్కడ పెట్టాను. ఇది మాత్రం ఎవరూ కాదనలేరు.

జరిగింది జరిగినట్టు రాస్తాను, రేపు ఇంకెవరో ఇంకోలా చెప్పకముందే.

పొద్దున్నే హాలుకు చేరాం. ఇక్కడా పూల వెనకే ప్లగ్గులు. ఒక్కటే మండపం బల్ల కింద దొరికింది. పంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద కిందికి దూరి ఛార్జరు గుచ్చాను. మంగళస్నానం, స్నాతకం, ఎదురుకోలు, గౌరీపూజ ఫొటోలు. సంహిత, యశస్విని చేతులు చాపుతూనే ఉన్నారు, నేను నిండినవి అందిస్తూనే ఉన్నాను, అయిపోయినవాటికి మూతలు పెడుతూనే ఉన్నాను. అంతా సవ్యంగా నడుస్తోంది.

మళ్ళీ బల్ల కిందికి దూరాను. వెనక నా కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నట్టున్నాయి. హనుమత్ప్రసాద్ గారి బావమరిది అట, పట్టుపంచె, చేతికి నాలుగు ఉంగరాలు. "ఎవరమ్మా ఈయన, అక్కడేం చేస్తున్నాడు?" అని అడిగాడు.

"మా బ్యాటరీలు చూసే ఆయనండీ," అంది సంహిత. నా కూతురు. కంటికి కెమెరా పెట్టుకునే అంది.

నేను అక్కడే, బల్ల కింద, ఆ మాట విన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు రాస్తుంటే కూడా మండుతోంది. ఆ బావమరిది పెళ్ళి నేనే తీసి ఉంటానేమో ఎవరికి తెలుసు. నాన్న అన్న రెండక్షరాలు దాని నోటికి బరువయ్యాయి.

బయటికొచ్చాను. సంచీ యశస్విని పక్కన కుర్చీలో పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నేనెవర్ని, బ్యాటరీలాయన్ని. మెట్రో స్తంభాల కింద నడుచుకుంటూ అమీర్‌పేట వైపు వచ్చేశాను. దారిలో ఇరానీ హోటల్లో కూర్చుని టీ తాగాను. ఇంకో టీ తాగాను. పక్క బల్ల మీద ఇద్దరు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నల గురించి ఏడుస్తున్నారు. వీళ్ళకు ఉద్యోగాలొస్తే దేశం ఏమైపోతుందో అనుకున్నాను. హాయిగానే ఉంది.

కానీ టీ అయ్యాక కాళ్ళు ఇంటివైపు పోలేదు. ముహూర్తం దగ్గరపడిందని గుర్తొచ్చింది. తిరిగి నడిచాను. ట్రాఫిక్కు, ఎండ. హాలు గుమ్మంలోకి వచ్చేసరికి మేళం ఆగిపోయి ఉంది. తలల మీద అక్షింతలు.

సంహిత మండపం కింద నిలబడి ఉంది. కెమెరా మెడలో వేలాడుతోంది. హనుమత్ప్రసాద్ గారు దాని ఎదురుగా నిలబడ్డారు.

"నా తప్పండీ," అంటోంది సంహిత. "పూర్తిగా నాదే తప్పు."

ఆయన కోపంగా అరవలేదు. "రెండోసారి కూడానా అమ్మా," అన్నారంతే. మెల్లగా అన్నారు. తర్వాత భోజనాల వైపు వెళ్ళి, మగపెళ్ళివారికి వడ్డన సరిగ్గా జరుగుతోందా లేదా చూసుకున్నారు.

ముహూర్తానికి ముందు అన్ని కెమెరాల్లోనూ కొత్త బ్యాటరీలు మార్చుకుందట సంహిత. సంచీలోంచి మూత ఉన్నవి తీసి పెట్టుకుందట. అయిపోయి చల్లారిన బ్యాటరీ దొంగ ప్రాణంతో ఉంటుంది. మొదట గీతలన్నీ చూపిస్తుంది, రెండు ఫొటోలకే ఊపిరి వదిలేస్తుంది. తాళి ఎత్తాక అలాగే పోయింది. యశస్విని వీడియో కెమెరా కూడా పోయింది. ఇంకో మూతది పెట్టారు, అదీ పోయింది. మూడు ముళ్ళకు ఎంతసేపు పడుతుంది.

మూత ఉన్నవి ఎందుకు తీశారో నాకు అర్థం కావడం లేదు. వాళ్ళ పద్ధతే కదా అది. సొంత పద్ధతి కూడా గుర్తుండదా ఈ మనుషులకు.

సంచీ తీసుకుని ఇంటికొచ్చేశాను. ఎవరూ ఆపలేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

వంశీధర్ ఫోన్ చేశాడు. తీయలేదు. మళ్ళీ చేశాడు. రెస్ట్ తీసుకోండి అనడానికే అయ్యుంటుంది.

ఫిబ్రవరి 19, బుధవారం

సంచీ కోసం యశస్విని వచ్చింది. రాజనర్సయ్య కింద బండిలో ఉన్నాడు, హారన్ కొడుతున్నాడు. కుసుమ ఆమెను కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

కూర్చున్నది ఊరికే కూర్చోలేదు. సంచీ విప్పి బ్యాటరీలు చూసింది. మూతలున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క పెట్టింది. మూతదొకటి తీసి తన భుజాన ఉన్న కెమెరాలో పెట్టి చూసింది. బోడిదొకటి పెట్టి చూసింది. నా మొహం చూసింది.

"సార్, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. మీరు ఖాళీవాటికి మూత పెడ్తున్నరా?"

"మీ పద్ధతే కదమ్మా," అన్నాను. "ఖమ్మంలో నువ్వు కెమెరాలోంచి తీసి మూత పెట్టడం నేను చూళ్ళేదా?"

"గా రోజు తీసింది ఫుల్‌ది సార్. గా కెమెరా బంద్ చేస్తున్నం, మేడం కెమెరాకి ఇద్దామని తీసి పెట్టిన."

"మరి మీ పద్ధతి ఏమిటి?"

"నిండిన దానికే మూత," అంది. "పనిలో చేరిన మొదటి రోజే మేడం చెప్పింది. మూత పెట్టిన గిన్నెల కూర ఉంటది, కడిగిన గిన్నెకు మూత ఉండది. మా నాన్న షాపు రూలు, మర్చిపోతే ఊకోను అన్నది. కొత్త మనిషి ఎవరొచ్చినా ఫస్ట్ గదే చెప్తది. మీకు మేం చెప్పుడేంది సార్, మీదే కదా అనుకున్నం."

కింద మైకులో వాడు ఏదో అరుస్తున్నాడు. కుసుమ కాఫీ గ్లాసు తీసుకెళ్తూ ఆగింది.

"ఆ మాట అసలు నా వంటింట్లోది," అంది. "ఒక్క ముక్క అడిగి ఉండొచ్చుగా మీరు. నోరు పెట్టుకుని ఊళ్ళో అందర్నీ అంటారు. అడగడానికి మాత్రం రాదు."

యశస్విని సంచీ తగిలించుకుంది. "మేడంకి నేనేం చెప్పను సార్. మీరే చెప్పుర్రి," అంది. వెళ్ళేటప్పుడు చెప్పులు తొడుక్కుంటూ, "మా అబ్బాయికి సుత ఇదే నేర్పిన, ఆడి పెన్సిళ్ళకు," అంది.

అంత అవసరమా ఆ చివరి మాట.

ఫిబ్రవరి 20, గురువారం

పంజాగుట్ట వెళ్ళాను. నడిచే వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. మీరు చెప్పి ఉండాల్సింది అని మొదలుపెడదామనుకున్నాను. సంచీ దగ్గర ఎవరూ లేకపోవడం కూడా తప్పే అందామనుకున్నాను. అల్లుడి మొహం చూడగానే ఇవన్నీ ఎగిరిపోయాయి. అతను లేచి కుర్చీ జరిపాడు. ఏమీ అనకుండా లోపలికెళ్ళాడు. ఏదైనా అనుంటే బాగుండేది, నేనూ అనేవాణ్ణి.

సంహిత తెర ముందు కూర్చుని ఉంది. చుట్టాలందరినీ బతిమాలి వాళ్ళ ఫోన్లలో ఫొటోలు తెప్పించుకుంది. పెళ్ళిలో ఉన్న ప్రతివాడూ ఫోను ఎత్తి పట్టుకున్నవాడే. ఇంతమంది ఇన్ని తీసి ఒక్కడికీ తాళి పడలేదు. ఒకడికి పురోహితుడి వీపు. ఒకడికి ముందువాడి ఫోను. ఉన్నవాటిలో మంచిది ఒకటుంది. అందులో పెళ్ళికూతురి కన్ను, దండ, అడ్డంగా ఎవరిదో చెయ్యి.

"మళ్ళీ మోచెయ్యే," అంది సంహిత.

హనుమత్ప్రసాద్ గారికి ఇది పంపిందట. ఆయన అందుకున్నామమ్మా అని రాశారట. వాళ్ళబ్బాయి పెళ్ళి మాట ఎత్తలేదట.

అప్పుడు చెప్పాను. బ్యాటరీలకు మూత నేనే తిరగేసి పెట్టానని, మీ పద్ధతి అదే అనుకున్నానని. రెండు మాటల్లోనే అయిపోయింది.

సంహిత కుర్చీ తిప్పి నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే తేలికే, దాని చిన్నతనం నుంచీ ఆ కోపం నాకు అలవాటే.

"నాకింకో పద్ధతి ఎవరు నేర్పారు నాన్నా," అంది.

అటు తిరిగి కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను. ఫ్లైఓవరు మీద బళ్ళు కదలకుండా ఆగి ఉన్నాయి. ఈ ఊళ్ళో ఎవడూ ఎక్కడికీ పోడు, అయినా అందరికీ బళ్ళు కావాలి.

"మరి బ్యాటరీలాయన అన్నావుగా," అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

"విన్నావా?" అంది. తల దించుకుంది. "మోకాళ్ళ మీద బల్ల కింద దూరి ఉన్న మనిషిని మా నాన్న అని ఎలా చెప్పను. నాకు సిగ్గేసింది. నీ గురించి కాదు. నిన్ను అక్కడికి దూర్చింది నేనే కదా, అందుకు."

ఏడుస్తోంది. నాకు ఏడుపు చేతకాదు. వంశీధర్ టీ పట్టుకొచ్చాడు. చక్కెర మరీ ఎక్కువ వేశాడు. తాగాను.

హనుమత్ప్రసాద్ గారికి నేనే చెప్తానన్నాను. వద్దంది. "పూచీ నాది అన్నాను నాన్నా. నాదే." అది కూడా నా షాపు మాటే అనుకుంటాను. రీలు పాడైతే కుర్రాళ్ళ పేరు చెప్పేవాణ్ణి కాదు నేను. ఆ ఒక్కటీ ఎక్కడ చూసి పట్టుకుందో.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మిక్సీ బాగుచేయించాను. కుసుమ కాఫీ ఇచ్చింది.

ఫిబ్రవరి 22, శనివారం. నల్గొండ దారిలో, బండిలో

పొద్దున్నే కింద హారన్. రాజనర్సయ్య హారన్ కొడితే శవం కూడా లేచి కూర్చుంటుంది. మేడ మీంచి చూస్తే సంహిత బండి దిగి నిలబడి ఉంది. "రా నాన్నా, ఆలస్యమవుతోంది," అంది, నిన్న మొన్న ఏమీ జరగనట్టు. నేను వస్తానని చెప్పనే లేదు. కుసుమ మాత్రం చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

రాజనర్సయ్య పక్కన ముందు సీటు నాకిచ్చారు. సంచీ నాకివ్వలేదు. యశస్విని ఒళ్ళో ఉంది. ఇవ్వకపోవడమే సబబు. అయినా కళ్ళు అటే పోతున్నాయి. ఆమె మూతలు వంకరగా పెడుతుంది. ఛార్జరు తీగ ఎలా పడితే అలా చుట్టి కుక్కుతుంది, ఆరు నెలల్లో తెగి ఊరుకుంటుంది. చెప్పలేదు. చెప్పకపోవడం ఎంత కష్టమో వీళ్ళకేం తెలుసు.

"సార్, మస్తు సైలెంట్ ఉన్నరు ఈరోజు, పానం బాగలేదా?" అన్నాడు రాజనర్సయ్య.

"రోడ్డు చూసి నడుపు," అన్నాను. నవ్వాడు.

చౌటుప్పల్ దాటాక సంహిత కిటికీలోంచి పొలాల మీద పొగమంచు తీయాలని బండి ఆపించింది. పొగమంచులో ఏముందో నాకెప్పటికీ అర్థం కాదు. ఏమీ కనబడని ఫొటోకు కెమెరా ఎందుకు. కెమెరా ఎత్తేసరికి గీత ఎర్రబడిందట. చూపు మంచు మీదే ఉంచి, చెయ్యి మాత్రం వెనక్కి చాపింది. యశస్విని నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

నేను దిగి వెనక తలుపు తీసి, ఆమె లేవకుండా సంచీ తెరిచాను. మూత ఉన్నదొకటి తీశాను. చేతిలో పెట్టబోయి ఆగాను.

"అమ్మా, ఇది నిండినదేనా?"

"మూత ఉందా నాన్నా?"

"ఉంది."

"మరింకేం," అంది, ఇటు చూడనే లేదు.

ఇంజను నడుస్తూనే ఉంది, రాజనర్సయ్య ఎందుకో ఈసారి ఆపలేదు. ఛార్జరులో గుచ్చి చూశాను. మంచు కరిగిపోతుంది నాన్నా అంటోంది సంహిత. కరగనీ. పచ్చ లైటు వెలిగింది. అప్పుడిచ్చాను.